సరుకు ఎక్కడికి పోతుంది? – అమెరికా తూటాల కొరత నేర్పే ఆర్థిక పాఠం



సంచికకు చదువుకు పనికివచ్చే వ్యాసం ఒకటి రాయమని వార్డెన్ సార్ ఫోన్ చేశారు. నేను ఇప్పుడు ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో సంవత్సరంలో ఉన్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాడిని నేనే. చదివింది ఇంట్లో చెప్పాలంటే అమ్మకూ నాన్నకూ తెలిసిన ఉదాహరణ వెతుక్కోవాలి. ఈ వ్యాసం కూడా అదే పద్ధతిలో రాస్తున్నాను. పోటీ పరీక్షలకు తయారయ్యే మిత్రులు ఇందులోని సంవత్సరాలు, అంకెలు నోట్సులో రాసుకోవచ్చు.

మొదట మన హాస్టల్ గుడ్ల కథ

నేను ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు సాయంత్రం హాస్టల్లో ఒక పుకారు లేచింది. గుడ్ల బిల్లు ఆగిపోయిందట, వచ్చే వారం నుంచి గుడ్డు ఉండదట అన్నారు. ఎవరు చెప్పారో తెలియదు. ఆ రోజు హాజరు 118 మంది. వంట తాత ఉడకబెట్టిన గుడ్లు 120. అంటే అందరికీ ఇచ్చినా రెండు మిగలాలి. కానీ చివరి 11 మందికి గుడ్డు అందలేదు. ఆ 11 మందిలో ఎక్కువమంది మూడు, నాలుగు తరగతుల పిల్లలే.

గుడ్లు ఎక్కడికి పోయాయి? ఈ ప్రశ్నకు జవాబు నాకు ఆ రోజే తెలుసు. కానీ దాని వెనుక ఉన్న శాస్త్రం మాత్రం పీజీకి వచ్చాక అమెరికాలోని తూటాల కొరత గురించి చదివినప్పుడు తెలిసింది. మన గుడ్డుకూ అమెరికా తూటాకూ సంబంధం ఏమిటని నవ్వుకోకండి. చివరిదాకా చదవండి.

కొరత అంటే ఏమిటి?

ఉన్న ధరకు కొనాలనుకునేవారికి సరిపడా సరుకు బజారులో లేకపోవడాన్ని కొరత అంటాం. ఇది మూడు విధాలుగా రావచ్చు.

1. ఉత్పత్తి తగ్గడం వలన. ఫ్యాక్టరీ మూతపడటం, ముడిసరుకు రాకపోవడం, ఓడ ఆగిపోవడం మొదలైనవి. 2021 మార్చి 23న 'ఎవర్ గివెన్' అనే 400 మీటర్ల ఓడ సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులపాటు దారి మూసేసింది. మార్చి 29న గాని అది కదలలేదు.

2. గిరాకీ ఒక్కసారిగా పెరగడం వలన.

3. సరుకు దొరకదేమోనన్న భయంతో అందరూ అవసరానికి మించి కొనడం వలన.

మొదటి రెండూ కంటికి కనిపిస్తాయి. మూడోది కనిపించదు, కానీ చిన్న కొరతను పెద్ద కొరతగా మార్చేది ఎక్కువగా అదే. ఈ మూడూ కలిసి వచ్చిన సందర్భం కనుకనే నేను తూటాల కొరతను ఎంచుకున్నాను.

తూటాలో నాలుగు భాగాలు

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ ఉంచుకోరాదు. అమెరికాలో పరిస్థితి వేరు. 1791లో ఆమోదం పొందిన వారి రాజ్యాంగ రెండో సవరణ ఆయుధం కలిగి ఉండే హక్కును పౌరులకు ఇచ్చింది. అందువల్ల అక్కడ తుపాకులు, వాటి విడిభాగాలు, తూటాలు దుకాణాల్లో అమ్మే సరుకులే. ఆ విధానం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఇక్కడ మనం దాన్ని ఒక సరుకుగానే చూద్దాం.

ఒక తూటాలో నాలుగు భాగాలుంటాయి. మొదటిది రాగి, జింకు కలిపిన ఇత్తడి గొట్టం. రెండోది అందులో పోసే మందు, అంటే గన్ పౌడర్. మూడోది ముందు భాగాన ఉండే సీసపు గుండు. దానిపై చాలావరకు రాగి తొడుగు ఉంటుంది. నాలుగోది ప్రైమర్. ఇది గొట్టం అడుగున మధ్యలో బిగించిన చిన్న లోహపు మూత. దీపావళికి పిల్లలు బొమ్మ తుపాకీలో పెట్టి పేల్చే బిళ్ళ గుర్తుందా? ప్రైమర్ చేసే పని అదే. తుపాకీలోని సూది వెళ్ళి తగలగానే నిప్పురవ్వ పుడుతుంది, దానితో మందు అంటుకుంటుంది.

కాల్చిన తరువాత ఇత్తడి గొట్టం మిగులుతుంది. చాలామంది అమెరికన్లు దాన్ని ఏరుకుని, కొత్త ప్రైమర్, మందు, గుండు పెట్టి ఇంట్లోనే మళ్ళీ తూటా తయారు చేసుకుంటారు. గుండును సీసం కరిగించి పోసుకునేవారు కూడా ఉన్నారు. కానీ ప్రైమర్‌ను ఇంట్లో చేసుకోవడం చాలా ప్రమాదం. అందులో వాడే లెడ్ స్టిఫ్నేట్ అనే పదార్థం పొడిగా ఉన్నప్పుడు కొద్దిపాటి రాపిడికే పేలుతుంది. అందుకే ఫ్యాక్టరీలలో కూడా తడిగా ఉన్నప్పుడే దానితో పని చేస్తారు. ఆ పనికి ప్రత్యేకమైన కట్టడాలు, యంత్రాలు, అనుమతులు, చేయి తిరిగిన పనివారు కావాలి. డబ్బుంది కదా అని ఆరు నెలల్లో కొత్త ఫ్యాక్టరీ పెట్టలేరు.

2020లో ఏం జరిగింది?

2020 మార్చిలో కరోనా వలన అమెరికాలో ఫ్యాక్టరీలు, పాఠశాలలు మూతపడ్డాయి. రేపు ఏమవుతుందోనన్న భయంతో జనం తుపాకుల దుకాణాల ముందు వరుస కట్టారు. మే నెలలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తరువాత దేశమంతటా నిరసనలు, నవంబరులో అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. ఎన్నికల తరువాత తుపాకుల చట్టాలు కఠినం కావచ్చునన్న అనుమానం కూడా తోడైంది.

అక్కడ లైసెన్సు ఉన్న దుకాణంలో తుపాకీ కొనేవారి పూర్వాపరాలను ఎఫ్‌బీఐ వ్యవస్థ ద్వారా తనిఖీ చేస్తారు. 2019లో అలాంటి తనిఖీలు సుమారు 2 కోట్ల 83 లక్షలు జరిగాయి. 2020లో అవి సుమారు 3 కోట్ల 96 లక్షలకు చేరాయి. అంటే ఒక్క ఏడాదిలో దాదాపు 40 శాతం పెరుగుదల. 2021 మార్చి ఒక్క నెలలోనే దాదాపు 47 లక్షల తనిఖీలు జరిగాయి. ప్రతి తనిఖీ ఒక తుపాకీ అమ్మకం కాదని గమనించాలి. లైసెన్సుల కోసం జరిగే తనిఖీలు కూడా ఇందులో కలిసి ఉంటాయి. అయినా గిరాకీ ఎటు పోతోందో ఈ అంకెలు చెబుతాయి.

2020లో తొలిసారి తుపాకీ కొన్నవారు 84 లక్షల మంది ఉంటారని అక్కడి తుపాకుల పరిశ్రమ సంఘం అంచనా వేసింది. కొత్తగా కొన్న ప్రతి ఒక్కరూ ఒక్క పెట్టె తూటాలు కొన్నా ఎన్ని పెట్టెలు కావాలో లెక్క వేయండి.

కొద్ది నెలల్లోనే అరలు ఖాళీ అయ్యాయి. పిస్తోలులో వాడే 9 మి.మీ. తూటా ధర 2021 ఆరంభానికి చాలాచోట్ల మూడు రెట్లు దాటింది. ప్రైమర్లు చాలా దుకాణాల్లో అసలే కనిపించలేదు. తుపాకులు బాగు చేసుకునేవారికి కావలసిన బ్యారెల్‌లు, స్ప్రింగులు, మ్యాగజైన్‌లు వంటి విడిభాగాలు కూడా సరిగా దొరకలేదు. కొన్ని పోలీసు శాఖలు శిక్షణలో తూటాల వాడకం తగ్గించుకోవలసి వచ్చింది. దీనికితోడు 2020 మార్చిలో టన్ను 5 వేల డాలర్ల లోపు ఉన్న రాగి 2021 మేలో 10 వేల డాలర్లు దాటింది.

నాలుగు పేర్లు, రెండు కంపెనీలు

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించాలి. అమెరికాలో ప్రైమర్లకు పేరున్న పెద్ద బ్రాండ్లు నాలుగు. అవి సీసీఐ, ఫెడరల్, రెమింగ్టన్, వించెస్టర్. సీసీఐ ఫ్యాక్టరీ ఇడాహో రాష్ట్రంలోని లూయిస్టన్‌లో, ఫెడరల్ ఫ్యాక్టరీ మిన్నెసోటాలోని అనోకాలో, రెమింగ్టన్ తూటాల ఫ్యాక్టరీ అర్కన్సాలోని లోనోక్‌లో ఉన్నాయి.

వీటిలో రెమింగ్టన్ 1816లో పుట్టిన పాత సంస్థ. అమ్మకాలు పడిపోయి 2018లో ఒకసారి దివాలా పిటిషన్ వేసింది. కొరత నడుస్తున్న 2020 జూలైలోనే రెండోసారి దివాలాకు వెళ్ళింది. జనం తూటాల కోసం వెతుకుతుంటే తూటాలు చేసే కంపెనీ అప్పుల్లో ఉంది! దాని తూటాల వ్యాపారాన్ని విస్టా ఔట్‌డోర్ అనే కంపెనీ 8 కోట్ల 14 లక్షల డాలర్లకు కొన్నది. అప్పటికే ఫెడరల్, సీసీఐ కూడా విస్టావే. వించెస్టర్ తూటాలు ఓలిన్ కంపెనీవి. అంటే 2020 చివరికి డబ్బాల మీద పేర్లు నాలుగు కనిపించినా యజమానులు ఇద్దరే.

దీన్ని 'ఇరుకు మెడ' సమస్య అనుకుందాం. సీసా ఎంత పెద్దదైనా మెడ ఎంత వెడల్పు ఉంటే నీళ్ళు అంతే వేగంగా వస్తాయి. ఇత్తడి ఉంది, సీసం ఉంది, మందు ఉంది. అన్నిటికన్నా చిన్నదైన ప్రైమర్ లేకపోతే అది తూటా కాదు. ఉన్న ప్రైమర్లను కంపెనీలు మొదట తమ సొంత తూటాలలో బిగించుకున్నాయి. విడిగా కొనుక్కునేవారికి మిగిలింది తక్కువ.

మరి కంపెనీలు ఎందుకు వెంటనే పెద్ద ఫ్యాక్టరీలు కట్టలేదు? వారికి పాత అనుభవం ఉంది. గిరాకీ పెరిగిందని కోట్ల డాలర్లు పెట్టి కట్టాక, భయం తగ్గి గిరాకీ పడిపోతే ఆ అప్పు ఎవరు తీర్చాలి? 2018లో రెమింగ్టన్‌కు జరిగిందేమిటో అందరూ చూశారు. అందువల్ల ఉన్న యంత్రాలనే రాత్రింబగళ్ళు నడిపారు గాని కొత్తవి పెట్టడానికి జంకారు.

పుకారు చేసిన పని

ఇలాంటి కొరత అక్కడ 2013లో కూడా వచ్చింది. 2012 డిసెంబరులో శాండీ హుక్ అనే పాఠశాలలో కాల్పులు జరిగి 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దవారు చనిపోయారు. ఆ దారుణం తరువాత తుపాకుల చట్టాలు మారుతాయని భావించి జనం ముందే కొనడం మొదలుపెట్టారు. దానితోపాటు ఒక పుకారు పుట్టింది. ప్రభుత్వ హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖే తూటాలన్నిటినీ కొనేస్తోందని, జనానికి దొరకకుండా చేస్తోందని ప్రచారం జరిగింది.

అమెరికా పార్లమెంటుకు చెందిన ఆడిట్ సంస్థ జీఏఓ ఈ విషయం పరిశీలించి 2014 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఆ శాఖ కొన్న తూటాలు అంతకు ముందు సంవత్సరాల కంటే పెరగలేదని, తగ్గాయని అందులో తేలింది. అయినా పుకారు నమ్మి కొన్నవారు కొన్నారు. ముఖ్యంగా చవకగా దొరికే .22 తూటాలు ఆ తరువాత చాలాకాలం అరల మీద నిలవలేదు. పుకారు అబద్ధమే, కానీ దానివల్ల వచ్చిన కొరత మాత్రం నిజం. మన గుడ్ల పుకారును ఇక్కడ ఒకసారి గుర్తు చేసుకోండి.

చెర్నాకోల ప్రభావం

దీన్ని అర్థశాస్త్రంలో, మేనేజ్‌మెంటులో 'బుల్‌విప్ ఎఫెక్ట్' అంటారు. తెలుగులో చెర్నాకోల ప్రభావం అనవచ్చు. బండి తోలేవాడు చెర్నాకోల కర్రను చేతిలో కొద్దిగా కదిపితే చాలు, తాడు చివర పెద్దగా ఊగి చప్పుడు చేస్తుంది. సరఫరా గొలుసులో కూడా ఇలాగే జరుగుతుంది. కొనేవాడి దగ్గర చిన్న కదలిక ఫ్యాక్టరీ దగ్గరికి వెళ్ళేసరికి పెద్ద ఊపు అవుతుంది.

ఒక ఊహా లెక్క చూద్దాం. ఊరి దుకాణంలో వారానికి 100 సబ్బులు అమ్ముడవుతాయి. ఒక వారం 110 అమ్మాయి. దుకాణదారు ఇంకా పెరుగుతుందేమోనని 120 ఆర్డరు చేస్తాడు. ఇలా అందరు దుకాణదారుల ఆర్డర్లూ పెరగడం చూసిన హోల్‌సేల్ వ్యాపారి, ప్రతి 120కి తన జాగ్రత్త కలిపి 140 అడుగుతాడు. ఫ్యాక్టరీ గిరాకీ విపరీతంగా పెరిగిందని భావించి 170 తయారు చేస్తుంది. నిజానికి పెరిగిన గిరాకీ 10 మాత్రమే. తరువాత ఆ 10 కూడా తగ్గితే గోదాములన్నీ సబ్బులతో నిండిపోతాయి. అప్పుడు ఆర్డర్లు ఆగుతాయి, పనివారిని తీసేస్తారు.

అమెరికాలోని ఎంఐటీకి చెందిన జే ఫారెస్టర్ 1961లో వెలువడిన తన గ్రంథంలో ఈ ఊగిసలాటను వివరించాడు. 1997లో హావ్ లీ, వి. పద్మనాభన్, సంగ్‌జిన్ వాంగ్ అనే ముగ్గురు పరిశోధకులు దీనికి నాలుగు కారణాలు చెప్పారు. పరీక్షల్లో అడగదగినవి కనుక వరుసగా ఇస్తున్నాను.

1. అసలు కొనుగోలుదారుని చూడకుండా, కింది నుంచి వచ్చిన ఆర్డరును బట్టే రేపటి గిరాకీని అంచనా వేయడం.

2. రోజూ కొద్దికొద్దిగా కాకుండా ఒకేసారి పెద్ద ఆర్డరు పెట్టడం.

3. ధరలు పెరగడం, తగ్గడం. తగ్గినప్పుడు అందరూ ఎగబడి కొనడం.

4. సరుకు తక్కువ ఉన్నప్పుడు వాటా ఎక్కువ రావాలని అవసరానికి మించి ఆర్డరు పెట్టడం.

నాలుగోదే తూటాల దగ్గర బాగా కనిపించింది. సరుకు సగమే ఇస్తారని తెలిస్తే దుకాణదారు రెట్టింపు అడుగుతాడు. ఒకే మనిషి ఒకే పెట్టె కోసం మూడు దుకాణాల్లో పేరు రాయిస్తాడు. ఫ్యాక్టరీకి అది ముగ్గురు మనుషుల్లా కనిపిస్తుంది. ఒకచోట దొరకగానే మిగతా రెండూ రద్దవుతాయి. కాబట్టి కొరత కాలంలో కనిపించే గిరాకీ అంతా నిజమైన గిరాకీ కాదు.

తూటాలే కాదు, కార్లు కూడా

2020 వసంతకాలంలో కార్లు కొనేవారు ఉండరని భావించి కార్ల కంపెనీలు చిప్‌ల ఆర్డర్లు తగ్గించుకున్నాయి. అదే సమయంలో ఇంటి నుంచి పని, ఆన్‌లైన్ తరగతుల వలన ల్యాప్‌టాప్‌లు, ఫోన్‌లకు గిరాకీ పెరిగింది. చిప్ ఫ్యాక్టరీలు ఆ పనికి మళ్ళాయి. కొద్ది నెలలకే కార్లకు గిరాకీ తిరిగి వచ్చింది, కానీ వరుసలో వారి స్థానం పోయింది. దీనికితోడు 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో తీవ్రమైన చలికి కరెంటు పోయి చిప్ ఫ్యాక్టరీలు ఆగాయి. మార్చి 19న జపాన్‌లోని నాకాలో రెనెసాస్ ఫ్యాక్టరీలో అగ్నిప్రమాదం జరిగింది. ఆ ఏడాది ప్రపంచంలో 77 లక్షల కార్ల ఉత్పత్తి తగ్గుతుందని అలిక్స్‌పార్ట్‌నర్స్ అనే సంస్థ అంచనా వేసింది. మన దేశంలో కూడా 2021 సెప్టెంబరులో తన ఉత్పత్తి మామూలులో 40 శాతమే ఉండవచ్చని మారుతి కంపెనీ ప్రకటించింది.

టొయోటా మాత్రం మొదట్లో నిలబడగలిగింది. 2011 మార్చి 11 నాటి భూకంపం, సునామీ తరువాత ఏయే భాగాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఆ కంపెనీ జాబితా రాసుకుంది. చిప్‌ల వంటి వాటిని కొన్ని నెలలకు సరిపడా నిల్వ ఉంచేలా ఏర్పాటు చేసింది. అయినా 2021 సెప్టెంబరులో టొయోటా కూడా ఉత్పత్తి తగ్గించక తప్పలేదు. నిల్వ కొంత సమయం ఇస్తుంది గాని సమస్యను పూర్తిగా తీర్చదని దీనివల్ల తెలుస్తోంది.

యుద్ధం – పత్తి

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలైంది. అప్పటికి అమెరికా నెలకు సుమారు 14 వేల 155 మి.మీ. ఫిరంగి గుండ్లు మాత్రమే తయారు చేస్తోంది. పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ ఫ్యాక్టరీ వాటి ఉక్కు గుల్లలకు ముఖ్య స్థావరం. ఏడాదిలో పది లక్షల గుండ్లు ఇస్తామని ఐరోపా యూనియన్ 2023 మార్చిలో ఉక్రెయిన్‌కు మాట ఇచ్చింది. గడువు నాటికి 5 లక్షల 24 వేలు మాత్రమే ఇవ్వగలమని 2024 జనవరిలో దాని విదేశాంగ విధాన అధిపతి జోసెప్ బోరెల్ చెప్పారు. అంటే 52 శాతం. డబ్బు ఉంది, కోరిక ఉంది. పేలుడు పదార్థం, మందు చాలలేదు.

ఈ మందు గురించి చదువుతున్నప్పుడే నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఆధునిక గన్ పౌడర్‌కు మూలం నైట్రోసెల్యులోజ్. దాన్ని ఎక్కువగా పత్తి నుంచి చేస్తారు. మిల్లులో దూది తీసిన తరువాత గింజకు అంటుకుని పొట్టి నూగు మిగులుతుంది. దాన్ని లింటర్లు అంటారు. ఆ నూగును శుద్ధి చేసి ఆమ్లాలతో కలిపితే నైట్రోసెల్యులోజ్ వస్తుంది. గన్ పౌడర్‌కు కావలసిన ఆ పత్తి ఎక్కువగా చైనా నుంచి వస్తుందని, ఆ సరఫరా ఆగిందని 2024లో ఐరోపా కమిషనర్ తియెరీ బ్రెటన్ అన్నారు.

మా అమ్మ ఇరవై ఏళ్ళుగా పత్తి ఏరుతోంది. కాయ మొనలు గుచ్చుకుని ఆమె వేళ్ళ చివర్లు ఎప్పుడూ గీసుకుపోయి ఉంటాయి. ఆమె ఏరిన పత్తి ఏ తూటాలోకి పోయిందని నేను అనడం లేదు. కానీ గింజకు అంటిన ఆ నూగు లేక ఖండాల అవతల ఫిరంగులు ఆగాయని ఇంటికి వెళ్ళినప్పుడు చెబితే అమ్మ నమ్మలేదు. "మరి అంత విలువైందైతే మాకు కిలోకు ఇంతే ఎందుకిస్తున్నర్రా?" అని అడిగింది. గొలుసులో మొదటి కడియానికి కొరత కాలపు లాభం ఎందుకు చేరదు అన్నది మంచి ప్రశ్న. నా తరువాతి సెమినార్‌కు ఆ ప్రశ్ననే తీసుకున్నాను.

మన దగ్గర ఇలాంటిది ఉందా?

ఉంది. మందుబిళ్ళల విషయం చూడండి. హైదరాబాదు, విశాఖ చుట్టుపక్కల ఔషధ పరిశ్రమలు ఎన్నో ఉన్నాయి. కానీ వాటికి కావలసిన ముడి రసాయనాలలో ఎక్కువ భాగం చైనా నుంచి వచ్చేది. 2020 మార్చి 3న కేంద్ర ప్రభుత్వం పారాసిటమాల్ సహా 26 రకాల ముడి ఔషధాలు, మందుల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. ఆ తరువాత ముడి ఔషధాలను ఇక్కడే తయారు చేసేవారికి ప్రోత్సాహకాల పథకం తెచ్చింది. దాని కింద కాకినాడ దగ్గర నెలకొల్పిన పెన్సిలిన్-జి ఫ్యాక్టరీ 2024లో ప్రారంభమైంది. ప్రైమర్ తూటాకు ఎలాగో, పెన్సిలిన్-జి ఎన్నో యాంటీబయాటిక్ మందులకు అలాగ. చిన్నది కదా అని వదిలేస్తే దానికోసమే అందరూ ఆగవలసి వస్తుంది.

కొరతను తగ్గించే మార్గాలు

1. అన్నిటికన్నా చిన్న భాగం ఎక్కడి నుంచి వస్తోందో ముందే తెలుసుకోవాలి. ఒకే చోటి నుంచి వస్తుంటే రెండో చోటు చూసుకోవాలి.

2. అత్యవసరమైనవి కొంత నిల్వ ఉంచాలి. భారత ఆహార సంస్థ ధాన్యం నిల్వలు ఇందుకు మంచి ఉదాహరణ.

3. ఉన్న సరుకు లెక్క అందరికీ తెలియాలి. లెక్క తెలియని చోటనే పుకారు పెరుగుతుంది.

4. మనిషికి ఇంత అని పరిమితి పెట్టాలి. అమెరికా దుకాణదారులు కూడా 2020–21లో మనిషికి ఒకటి, రెండు పెట్టెలు మాత్రమే అని బోర్డులు పెట్టారు.

5. వరుసలో చివర నిలబడేవారికి వాటా ముందే తీసి ఉంచాలి.

ఐదోది పుస్తకంలో లేదు. అది నేను మన హాస్టల్లో నేర్చుకున్నాను.

గుడ్లు ఎక్కడికి పోయాయి?

ఇక ఆ రోజు సంగతి చెబుతాను. పెద్ద తరగతుల వాళ్ళు ముందు నిలబడ్డారు. కొందరు రెండేసి తీసుకున్నారు. నేను ఒకటి తీసుకుని, దాన్ని అన్నం కింద పెట్టి, మళ్ళీ లైనులో దూరి రెండోది అడిగాను. వంట తాత రద్దీలో గమనించలేదు. రెండో గుడ్డు నాకు ఆ రోజు ఆకలికి అవసరం లేదు. వచ్చే వారం ఉండదన్న భయంతో కాగితంలో చుట్టి ట్రంకు పెట్టెలో దాచాను.

నాలుగో తరగతి పిల్లవాడు ఒకడు ఖాళీ గిన్నె దగ్గర నిలబడి ఉన్నాడు. వాడికి ముందురోజే జ్వరం తగ్గింది. నన్ను చూసి "అన్నా, గుడ్లు అయిపోయినయా?" అని అడిగాడు. "అయిపోయినయ్‌రా" అన్నాను. అప్పుడు నా దగ్గర ఒకటి ఎక్కువ ఉంది.

మూడో రోజు నా పెట్టె వాసన వచ్చింది. గుడ్డు పాడైపోయింది. వాడికీ దక్కలేదు, నాకూ దక్కలేదు. వార్డెన్ సార్ ఎవరినీ కొట్టలేదు. నోటీసు బోర్డు మీద హాజరు ఎంత, గుడ్లు ఎన్ని అని రోజూ రాయించారు. రోల్ నంబరు పిలిచి టిక్కు పెట్టి, చిన్న తరగతి నుంచి మొదలుపెట్టి ఇచ్చే పద్ధతి తెచ్చారు. తరువాతి వారం గుడ్లు మామూలుగానే వచ్చాయి. ఆ పద్ధతిలో 118 మందిలో ఒక్కరికి కూడా గుడ్డు తక్కువ రాలేదు. గుడ్ల సంఖ్య పెరగలేదు, పంచే తీరు మారింది అంతే.

ఆ పిల్లవాడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడని విన్నాను. ఈ సంచిక వాడి చేతికి అందితే, ఇన్నేళ్ళకు నా తప్పు ఒప్పుకుంటున్నానని తెలుసుకోవాలి.

గుర్తుంచుకోవలసిన అంశాలు

• కొరత అంటే సరుకు లేకపోవడమే కాదు, భయం వలన సరుకు కదలకుండా ఒకచోట ఆగిపోవడం కూడా.

• గొలుసు బలం దాని అతి సన్నని కడియం బలమే. తూటాకు ప్రైమర్, కారుకు చిప్, మందుకు ముడి రసాయనం.

• చెర్నాకోల ప్రభావం: ఫారెస్టర్ (1961); నాలుగు కారణాలు: లీ, పద్మనాభన్, వాంగ్ (1997).

• కొరత భారం మొదట పడేది వరుసలో చివర ఉన్నవారి మీద.

అభ్యాస ప్రశ్నలు

1. కొరతకు గల మూడు కారణాలను ఉదాహరణలతో రాయండి.

2. 2020 చివరికి అమెరికాలోని ప్రైమర్ల బ్రాండ్లు ఏవి? అవి ఎవరి చేతిలో ఉన్నాయి?

3. మీ హాస్టల్లో లేదా మీ ఊళ్ళో చూసిన ఒక కొరతను తీసుకుని, అందులో నిజమైన కొరత ఎంత, భయం వలన వచ్చింది ఎంత అని వివరించండి.

మూడో ప్రశ్నకు జవాబు రాసిన తమ్ముళ్ళు వార్షికోత్సవం రోజు నాకు చూపించండి. నేను తప్పక వస్తాను. భోజనాల దగ్గర లైనులో చివర నిలబడతాను.

– పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (ఎకనామిక్స్) ద్వితీయ సంవత్సరం